డిపోకు తాళం వేసే ముందు దవాఖాన తలుపు తెరవండి

ఉమ్మడి నిజామాబాద్, మెదక్, కరీంనగర్, పాలమూరు జిల్లాల కలెక్టర్లకు, ఆ జిల్లాల సర్పంచులకు, వార్డు సభ్యులకు నమస్కారాలు. కల్తీ కల్లు డిపోల మీద దాడులు జరిగేటప్పుడు తాగేవాళ్లకు అందాల్సిన వైద్యం గురించి ఈ లేఖ రాస్తున్నాను.

నేను ఒక మండల పరిషత్ పాఠశాలలో పంతులమ్మను. మాది బీడీల ఊరు. మా అవ్వ (మా దిక్కు అమ్మను అవ్వ అనే పిలుస్తాం) పెండ్లయి వచ్చిన ఏడాదే ఒళ్లో చాట పెట్టుకుంది. నలభై ఏండ్లు దాన్ని దించలేదు. రోజుకు వెయ్యి బీడీలు. పొద్దంతా వంగి కూర్చుంటే సాయంత్రానికి నడుము పట్టేసేది. వాడకట్టులోని ఆడవాళ్లందరితో పాటు డిపోకు పోయి రెండు సీసాల కల్లు తాగి వచ్చేది. ఇంత తిని పడుకునేది. తెల్లారితే మళ్లీ చాట, ఆకు, తంబాకు. మా ఇంట్లో ఎవరమూ దాన్ని వ్యసనం అనుకోలేదు. ఒళ్లు నొప్పులకు మందు అనుకున్నాం.

2015 సెప్టెంబరులో ఆబ్కారీ వాళ్లు డిపోల మీద దాడులు మొదలుపెట్టారు. కల్లులో మత్తుమందు కలపొద్దని పైనుంచి గట్టిగా చెప్పారని, నమూనాలు పట్టుకుపోతున్నారని ఊరంతా అదే ముచ్చట. కొన్ని డిపోలు మూతపడ్డాయి. తెరిచినవాటిలో కల్లు సప్పగైందని తాగేవాళ్లు తిట్టుకున్నారు. నేను మాత్రం మంచి పని జరిగిందనే అనుకున్నాను.

ఆ రాత్రి అవ్వకు నిద్ర పట్టలేదు. రెండో రోజు చేతులు వణికి బీడీ మడత పడలేదు. ఆకు కత్తిరిస్తుంటే కత్తెర జారి వేలు తెగింది. కండ్లు మూసుకుని కూడా ఆకు కత్తిరించగల మనిషి. అవ్వ వేలు తెగడం నేను చూడటం అదే మొదటిసారి. మూడో రోజు సాయంత్రం గోడ మీద తేళ్లు పాకుతున్నాయని చీపురుతో కొట్టడం మొదలుపెట్టింది. నన్ను చూసి ఎవరమ్మా నువ్వు అంది. పొద్దుగూకినాక ఫిట్స్ వచ్చాయి. నోట్లో నురగ, పండ్ల మధ్య నాలుక.

మా ఆరోగ్య కేంద్రానికి తీసుకుపోతే తాళం ఉంది. వాచ్‌మన్ పెద్ద దవాఖానకు పొమ్మన్నాడు. ఆటోలో గంటకు పైగా పట్టింది. దారిలో మళ్లీ ఫిట్స్. అక్కడికి చేరాక చూస్తే వరండా నిండా మా అవ్వ లాంటివాళ్లే. కొందరు అరుస్తున్నారు, కొందరు గాలిలో ఏదో ఏరుతున్నారు. ఒక ముసలాయన కటిక నేల మీద కూర్చుని లేని తాడు పేనుతున్నాడు. ఆ వరండా మొత్తానికి ఒక్క నర్సమ్మ. ఆమెది తప్పని ఈనాటికీ అనను. రెండు చేతులతో ఎంతమందికని సూది వేస్తుంది? మంచం మీద నుంచి పడిపోకుండా అవ్వ చేతులను నా చున్నీతోనే మంచం పట్టీకి కట్టాను. కన్నతల్లి చేతులు కట్టేసిన బిడ్డకు ఆ ముడి జీవితాంతం గుర్తుంటుంది. పక్క మంచం దగ్గర కూర్చున్న ఒకామె నాతో అంది: "మా ఊళ్లె ఇంకా పదిమంది ఇట్లనే ఉన్నరు బిడ్డా. ఆటోల జాగ లేక ఆగిన్రు."

నాలుగో రోజు ఇంటికి పంపారు. పది గోలీలు ఇచ్చారు. అవి అయిపోయాక ఏం చేయాలో చీటీ మీద లేదు, ఎవరూ చెప్పలేదు. మరో వారానికి డిపోలు మళ్లీ నడిచాయి. కల్లు మళ్లీ 'మంచిగైంది' అన్నారు. ఆ సాయంత్రం అవ్వ చాట పక్కన పెట్టి, కొంగు సర్దుకుని డిపో దిక్కు నడిచింది. నేను ఆపలేదు. ఆపితే మళ్లీ ఆ మూడో రాత్రి వస్తుందని భయపడ్డాను. చదువుకున్నదాన్ని, పిల్లలకు పాఠాలు చెప్పేదాన్ని, మా అవ్వ విషం తాగడానికి పోతుంటే గడపలో నిలబడి చూశాను.

ఆ సెప్టెంబరులో ఇది మా ఒక్క ఇంటి కథ కాదు. నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల నుంచి వందల మంది దవాఖానల పాలయ్యారు. ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు బండ్ల మీద బండ్లు వెళ్లాయి. కొందరు చనిపోయారు. పత్రికలు 'కల్లు అందక వింత ప్రవర్తన' అని రాశాయి. వింతేమీ లేదు. వైద్య పుస్తకంలో ఉన్నదే జరిగింది. మత్తుమందుకు అలవాటు పడ్డ ఒంటికి అది ఒక్కసారిగా అందకపోతే ఇదే జరుగుతుంది. తెలిసిన సంగతికి ఎవరూ ముందుగా ఏర్పాటు చేయలేదు. నా బాధంతా అక్కడే.

దాడులు ఆపమని నేను అడగడం లేదు. ఒకటికి రెండు చేయండి. కానీ డిపోకు తాళం పడే రోజుకు మా దగ్గర వైద్యం సిద్ధంగా ఉండాలి. ముందు దవాఖాన తలుపు తెరవండి, ఆ తర్వాతే డిపోకు తాళం వేయండి.

సీసాలో ఉన్నదేమిటో మీకు తెలుసు, అయినా తాగేవాళ్లకు తెలియదు కాబట్టి రాస్తున్నాను. పొద్దున్నే మోకు, ముస్తాదు కట్టుకుని తాటిచెట్టెక్కి గౌడన్న దించే లొట్టి కల్లు వేరు. అది మబ్బుల, అంటే తెల్లవారకముందే, దించితే తీయగా ఉంటుంది, పొద్దెక్కితే పులుస్తుంది, రేపటికి పనికిరాదు. అందుకు చెట్లు కావాలి, కాలం రావాలి. మా ఊరి శివారులో కల్లు పారే చెట్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. డిపోలో మాత్రం ఏడాది పొడుగునా రోజూ పెట్టెల కొద్దీ సీసాలు. ఇన్ని సీసాలు నింపేది చెట్టు కాదు. నీళ్లు, చక్కెర బదులు సాక్రిన్, నిషా కోసం క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, అల్ప్రాజోలం. ఈ లేఖ చదివి ఎవరూ గీత కార్మికుల మీదికి పోకండి. కల్తీ కల్లుతో ముందు కడుపు కాలింది వాళ్లదే. చెట్టు మీది నుంచి పడి నడుము విరిగినవాళ్లు మా ఊళ్లోనే ముగ్గురున్నారు. ముస్తేదారు, అంటే డిపో నడిపే కాంట్రాక్టరు, డబ్బా మందు తెచ్చి నీళ్లలో కలిపితే చెట్టెక్కే మనిషితో అవసరమేముంది?

అల్ప్రాజోలం ఎంత చిన్న వస్తువో చూడండి. ఆందోళనకు, నిద్రకు డాక్టర్లు రాసే గోలీలో అరమిల్లీగ్రామో, పావు మిల్లీగ్రామో ఉంటుంది. అంటే కిలో పొడిలో 20 లక్షల అరమిల్లీగ్రాము గోలీల మందు ఉన్నట్టు. 1985 నాటి మత్తుమందుల చట్టం కింద 100 గ్రాములు దాటితే వాణిజ్య పరిమాణం, కఠిన శిక్ష. ఆ 100 గ్రాములే 2 లక్షల గోలీలకు సమానం. దీన్ని తక్కెడ పెట్టి కొలిచి కలుపుతారా? ఒక ముంత ఇంత, ఒక చెంచా అంత. అందుకే ఒకరోజు సీసాకు కమ్మగా నిద్రపట్టే మనిషి మరోరోజు అదే సీసాకు లేవడు.

2025 జులైలో కూకట్‌పల్లి చుట్టుపక్కల కల్లు కాంపౌండ్లలో తాగినవాళ్లు వాంతులు, విరేచనాలతో ఆసుపత్రుల పాలయ్యారు. కొందరు ప్రాణాలు పోగొట్టుకున్నారు. కిడ్నీలు దెబ్బతిన్నవాళ్లకు నిమ్స్‌లో డయాలసిస్ చేయాల్సి వచ్చింది. కల్లు నమూనాల్లో అల్ప్రాజోలం తేలింది. అరెస్టులు జరిగాయి, లైసెన్సులు రద్దయ్యాయి. ఆ ఏడాది సెప్టెంబరులోనే బోయిన్‌పల్లిలో ఒక స్కూలు భవనంలో అల్ప్రాజోలం తయారుచేస్తుంటే మత్తుమందులను పట్టుకునే రాష్ట్ర ఈగల్ విభాగం పోలీసులు పట్టుకున్నారు. అది పాలమూరు వైపు కల్లు డిపోలకు పోతున్నదట. ఒకపక్క తరగతులు నడుస్తుండగా ఇంకోపక్క ఆ పని జరిగిందని చదివినప్పుడు పంతులమ్మగా నా ఒళ్లు జలదరించింది. పట్టుకున్న పోలీసులకు దండం. అయితే ఆ వార్తలు ఎన్ని వెతికి చదివినా, ఆ సరుకు ఆగిన రోజు నుంచి చేతులు వణికేవాళ్లకు ఎక్కడ ఏ ఏర్పాటు చేశారన్నది నాకు ఒక్క వాక్యంలోనూ కనబడలేదు.

కలెక్టర్ గారూ, మత్తుపదార్థాల మీద జిల్లా స్థాయి సమన్వయ కమిటీకి మీరే అధ్యక్షులు. పోలీసు, ఆబ్కారీ, డ్రగ్స్ కంట్రోల్, వైద్య ఆరోగ్య, విద్యా శాఖలన్నీ మీ బల్ల చుట్టూ కూర్చుంటాయి. 2020 ఆగస్టు 15న దేశంలోని 272 జిల్లాల్లో మొదలైన నషా ముక్త్ భారత్ అభియాన్‌కు కూడా జిల్లాలో పెద్ద మీరే. అంటే దాడి చేసే చేయి, మందు ఇచ్చే చేయి రెండూ మీవే. రెండింటినీ ఒకే నెలలో ఒకే మండలానికి పంపండి. దాడి సంగతి బయటికి పొక్కకూడదన్నది నిజమే. కానీ ఏ ఊరికి, ఏ రోజు అని చెప్పకుండానే, జిల్లా వైద్యాధికారికి పది రోజుల ముందు 'ఫలానా మండలాల్లో డైజిపామ్ గోలీలు, లోరాజిపామ్ సూదులు, బీ1 విటమిన్ సూదులు నిల్వ పెట్టండి, రాత్రి డ్యూటీ వేయండి' అని చెప్పొచ్చు కదా. కల్తీలో కలిపేదే అయినా డైజిపామ్ డాక్టర్ చేతిలో మందే. ఇవి ఖరీదైన మందులు కావు. ప్రభుత్వ అత్యవసర మందుల జాబితాలో ఉన్నవే. మా అవ్వకు ఆ రాత్రి కావలసింది పెద్ద యంత్రం కాదు. మా ఊరి ఆరోగ్య కేంద్రంలో ఒక మంచం, ఒక సూది, తెల్లవారేదాకా పక్కన ఒక మనిషి.

ఆ తర్వాతి పని ఇంకా ముఖ్యం. దాన్ని ఎవరూ చేయరు కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను. మా అవ్వ మానిన తీరు చెబితే నేను అడిగేది మీకు అర్థమవుతుంది.

2018లో నాకు టైఫాయిడ్ వచ్చి పట్నంలో చూపించుకున్నప్పుడు, ఆ దవాఖానలోనే మానసిక వైద్యుడి గది బయట ఒక అరగంట కూర్చుని ధైర్యం చేసి లోపలికి పోయాను. అవ్వ సంగతి చెప్పాను. ఆయన మొదట అడిగింది ఎన్ని సీసాలు, ఎన్నేండ్ల నుంచి అని. ఒక్కసారిగా మానిపించకండి, అదే ప్రమాదం అన్నాడు. అవ్వను తీసుకొచ్చి చూపించాక, ఒంట్లో నెమ్మదిగా పనిచేసే మందు ఒకటి రాశాడు. కల్లు మానాలి, దాని బదులు ఈ గోలీ, ఆ గోలీని రెండు వారాలకోసారి కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ రావాలి. మోతాదు ఆయనే చూసి చెప్పాలి, సొంతంగా మార్చొద్దు. మొత్తం గోలీలు ఒకేసారి ఇంట్లో పెట్టొద్దు, వారానికి సరిపడా మాత్రమే చేతికివ్వాలి.

ఆ చివరి మాట దగ్గర మేం ఆగిపోయేవాళ్లం. నేను పొద్దున పోతే సాయంత్రానికి వచ్చేదాన్ని. అప్పుడు ఆదుకున్నది మా వాడకట్టు ఆశా కార్యకర్త, మేం ఆశా అక్క అంటాం. గోలీల పెట్టె తన ఇంట్లో పెట్టుకుంది. ప్రతి ఆదివారం ఏడు చిన్న కాగితం పొట్లాలు కట్టి ఇచ్చేది. అవ్వకు అక్షరం రాదు. అందుకని ఆశా అక్క పొట్లాలకు బీడీ దారం చుట్టి ముడులు వేసేది. మూడు ముడులుంటే పొద్దున ఒకటి, రాత్రి రెండు. రెండు ముడులుంటే పూటకొకటి. తర్వాత ఒక్క ముడి. ఆ తర్వాత సగం గోలీకి ముడి లేని దారం. పూట తప్పితే రంగు మారిన అవ్వ మొహం చూసి అక్కే చెప్పేది, ఇంకో వారం ఇదే ఉంచుదాం, డాక్టర్‌కు ఫోన్ చేద్దాం అని. ఏడు నెలలు పట్టింది. నడుమ ఒకసారి బోనాల నాడు అవ్వ డిపోకు పోయి వచ్చింది. ఆశా అక్క తిట్టలేదు. మరుసటి ఆదివారం ఎప్పటిలాగే ఏడు పొట్లాలు తెచ్చింది.

ఈ ఏడు నెలల పనికి ఆ అక్కకు ప్రభుత్వం నుంచి ఒక్క రూపాయి రాలేదు. ఆమె రిజిస్టర్‌లో దానికి గడి కూడా లేదు. గర్భిణికి గడి ఉంది, టీకాకు గడి ఉంది, టీబీ రోగి మందు మింగాడా లేదా అనే దానికి గడి ఉంది. టీబీకి చేయగలిగింది దీనికి ఎందుకు చేయలేరు? ప్రతి ఊళ్లో రోజూ తాగేవాళ్ల లెక్క ఆశా అక్కలకు నోటికి తెలుసు. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమంలోని డాక్టర్ వారానికొక రోజు, మండల కేంద్రంలో అంగడి జరిగే రోజున కూర్చుంటే చాలు, కూలి పోకుండా జనం వస్తారు. మోతాదు ఆ డాక్టర్ రాస్తాడు. పల్లె దవాఖానా నుంచి వారం వారం మందు వస్తుంది. ఆశా అక్క పొట్లం కడుతుంది. ఆ పనికి ఆమెకు పారితోషికం ఇవ్వండి. నేను అడిగే పథకం మొత్తం ఇంతే. దీనికి కొత్త భవనం, శిలాఫలకం అక్కర్లేదు.

కేంద్రం ఎయిమ్స్‌తో చేయించి 2019లో బయటపెట్టిన సర్వే ప్రకారం, మద్యం మీద పూర్తిగా ఆధారపడ్డవాళ్లలో 38 మందికి ఒక్కరే ఏదో ఒక వైద్యసాయం పొందుతున్నారు. మత్తు కలిగించే నిద్రగోలీలు వాడేవాళ్లు 10 నుంచి 75 ఏండ్ల వయసువాళ్లలో 1.08 శాతం అని కూడా అందులో ఉంది. కల్లు తాగే మా ఊరి ఆడవాళ్లను అడిగి చూడండి, నిద్రగోలీలు వేసుకుంటారా అని. లేదమ్మా, కల్లే అంటారు. తాను ఏం తాగుతున్నదో తెలియని మనిషి ఏ లెక్కలోకి వస్తుంది?

ఆడవాళ్ల సంగతి విడిగా చెప్పాలి. డీ-అడిక్షన్ సెంటర్ అనగానే మీ ఫైల్లో ఒక మగమనిషి బొమ్మ ఉంటుంది. బీడీల ఊళ్లలో సాయంత్రం డిపో దగ్గర చూడండి, సగం మంది ఆడవాళ్లు. వాళ్లను నెల రోజులు వచ్చి ఉండమంటే ఎవరూ రారు. చాట ఆగితే పూట గడవదు. పిల్లలను ఎవరు చూడాలి? ముప్పై రోజులు ఎక్కడికి పోయావంటే ఏం చెప్పాలి? తాగుబోతు అనే మాట మగవాడికి వాడుక పేరు లాంటిది, ఆడదానికి నొసట పొడిచిన పచ్చబొట్టు. పైగా దవాఖానకు పోతే పోలీసు కేసవుతుందన్న భయం. తక్కువ పరిమాణంతో కేసులో చిక్కుకున్న మనిషి తనకు తానుగా వైద్యానికి ముందుకొస్తే కోర్టు విచారణ నుంచి రక్షణ ఇచ్చే 64ఏ సెక్షన్ ఆ మత్తుమందుల చట్టంలోనే ఉంది. ఇక కల్లు తాగి జబ్బుపడ్డ మనిషి బాధితురాలే కానీ నిందితురాలు కాదు. ఈ మాటను కలెక్టర్ సంతకంతో ఒక కాగితం మీద రాసి ప్రతి ఆరోగ్య కేంద్రం గోడకు అతికించండి. తెలుగులో, పెద్ద అక్షరాల్లో.

ప్రభుత్వ వైద్యం దగ్గరలో లేకపోతే జనం ఎక్కడికి పోతారో మీకు తెలియంది కాదు. మా పిన్ని కొడుకును అప్పు చేసి ఒక ప్రైవేటు సెంటర్‌లో చేర్పించారు. రెండు నెలల తర్వాత చూడ్డానికి పోతే చీలమండ చుట్టూ నల్లగా కాయ కట్టిన మచ్చ ఉంది. గొలుసు మచ్చ. అక్కడ డాక్టర్ నెలకోసారి వచ్చేవాడట. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మత్తుమందుల వల్ల వచ్చే మానసిక స్థితులను కూడా జబ్బుగానే లెక్కించింది. ప్రభుత్వ వైద్యం పొందడం మా హక్కు అంది. ఏ విధంగానూ గొలుసులతో కట్టరాదని 95వ సెక్షన్‌లో స్పష్టంగా రాసింది. అట్లాంటప్పుడు మీ జిల్లాలో బోర్డు పెట్టుకున్న ప్రతి సెంటర్‌కు చెప్పకుండా పోయి, లోపలున్నవాళ్ల కాళ్లు చూడండి. రిజిస్టర్ తర్వాత చూడొచ్చు.

ఇక సర్పంచులకు. అన్నలారా, అక్కలారా, దాదాపు రెండేండ్లు సర్పంచులు లేక ప్రత్యేక అధికారులతో నడిచిన పంచాయతీలు మీ చేతికి వచ్చాయి. రోడ్లు, మోరీలు, వీధి దీపాలు మీ ముందు చాలా ఉన్నాయి. అయినా ఒక చేదు మాట చెప్పక తప్పదు. మా దిక్కు చాలా ఊళ్లలో గ్రామాభివృద్ధి కమిటీలు కల్లు అమ్ముకునే హక్కుకు, బెల్టు షాపుకు వేలం పెడతాయి. ఎక్కువ పాడినవాడికి ఊరు. ఆ పైసలతో గుడికి రంగులు, కమాను, మైకు సెట్టు. ఇవ్వలేనన్న గౌడ కుటుంబాలను సాంఘిక బహిష్కరణ చేసిన ఊళ్లున్నాయి. లక్షలు పోసి పాడుకున్నవాడు ఆ లక్షలు ఎక్కడి నుంచి రాబట్టాలి? చెట్టు అన్ని సీసాలు ఇవ్వదు. అప్పుడు పొడి డబ్బా వస్తుంది. డిపోలో కలిసే విషానికి మొదటి చెంచా ఊరి వేలంపాటలోనే పడుతుంది. మీలో కొందరు ఆ కమిటీల మద్దతుతోనే గెలిచారని నాకు తెలుసు. అయినా అడుగుతున్నాను. వేలానికి చట్టంలో చోటు లేదు. ఆ పాట మీ ఊళ్లో మీ కాలంలో జరగనివ్వకండి.

మీ చేతిలోనే ఇంకొకటి ఉంది. గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషకాహార కమిటీ అని ఒకటుంటుంది. దానికి సర్పంచే అధ్యక్షులు, ఆశా కార్యకర్త అందులో ముఖ్యమైన సభ్యురాలు. చాలా ఊళ్లలో అది కాగితం మీదే ఉంది. ఒక్కసారి కూర్చోబెట్టండి. ఎవరి పేరూ గ్రామసభలో చదవకండి, గోడ మీద రాయకండి. ఎంతమందికి మందు కావాలో అంకె మాత్రం ఆరోగ్య కేంద్రానికి పంపండి. ఆటోకు డబ్బుల్లేక, ఆటోలో జాగ లేక ఆగినవాళ్లను దవాఖానకు చేర్చే పూచీ పంచాయతీ తీసుకోవాలి. ఆ వరండాలో నాతో మాట్లాడినామె ఊళ్లో ఆగిపోయిన పదిమంది ఏమయ్యారో నాకు ఈనాటికీ తెలియదు.

గోడల మీద రాతల గురించి కూడా ఒక ముచ్చట. డ్రగ్స్ సమాచారం ఇవ్వడానికి 1908కి ఫోన్ చేయండి అని బస్టాండు నుంచి కాలేజీ దాకా రాశారు. మంచిదే. అది అమ్మేవాడిని పట్టించే నంబరు. తాగే మనిషి, ఆ మనిషి ఇంటివాళ్లు సాయం అడగడానికి 14446 ఉంది. మనసు బాగాలేనప్పుడు ఏ వేళైనా తెలుగులో మాట్లాడటానికి 14416, టెలీ మానస్, 2022 అక్టోబరు నుంచి ఉంది. ఈ రెండు నంబర్లు మా మండలంలో ఏ గోడ మీదా నేను చూడలేదు. చాటలు అల్లే ఇంటి ముందు, బీడీ కార్ఖానాలో ఆకు తూచే చోట, రేషన్ షాపు దగ్గర రాయించండి. ఆడవాళ్లు నిలబడేది అక్కడే.

పిల్లల దగ్గరికి వస్తాను, అది నా పని కనుక. జూన్ 26న, మత్తుమందుల వ్యతిరేక దినం నాడు, బడిలో ర్యాలీ తీస్తాం, ప్రతిజ్ఞ చేయిస్తాం. మత్తుమందుల మీద కన్నేసి ఉంచడానికి బడుల్లో ప్రహరీ క్లబ్బులు పెట్టారు. పోస్టర్ల మీద సూదులు, పుర్రెలు, గంజాయి ఆకులు. నా మూడో తరగతి పిల్లలకు ఆ బొమ్మలు ఏ లోకంలోవో తెలియదు. వాళ్లకు తెలిసింది కల్లు సీసా. ఒక పిల్లవాడు పది రోజులు వరుసగా మొదటి గంటలోనే బల్ల మీద తలపెట్టి పడుకునేవాడు. పలక మీద రాసిన అంకెలు కిందికి జారినట్టు ఉండేవి. దగ్గరికి తీసుకుని అడిగితే, "అవ్వ బీడీలు చేసుకోవాలె టీచర్, తమ్మునికి నాకు గిలాసల ఇంత పోస్తది, లొల్లి చెయ్యకుంట పంటం" అన్నాడు. ఆ తల్లిని నేను తిట్టలేను. ఆమెకు అది కల్లు, నిద్రపుచ్చే కల్లు, వాళ్లమ్మ కూడా పోసింది. అందులో ఇప్పుడు ఏముందో ఆమెకు చెప్పినవాళ్లు లేరు. సాయంత్రం ఇంటికి పోయి నేను చెప్పాను. చాట ఒళ్లోంచి దించి పిల్లవాణ్ని దగ్గరికి తీసుకుంది. మరుసటి వారం నుంచి వాడు రెండో గంట దాకా మెలకువగా ఉన్నాడు.

జిల్లా విద్యాధికారులు ఈ విషయం మీద మాకు ఒక్క పూట శిక్షణ పెట్టించండి. మత్తులో ఉన్న పిల్లను ఎట్లా గుర్తుపట్టాలి, ఎవరికి చెప్పాలి, ఇంటికి పోయి తల్లి మనసు నొప్పించకుండా ఎట్లా మాట్లాడాలి. అంగన్‌వాడీ టీచర్లను కూడా పిలవండి. పుర్రె బొమ్మల కన్నా ఇది పనికొస్తుంది.

గీత వృత్తి నిలబడితే కల్తీ కొంతైనా తగ్గుతుందని నమ్మేవాళ్లలో నేనూ ఉన్నాను. ఈత, తాటి మొక్కలు పెట్టించడం, పులియని తాజా నీరాకు అంగడి చూపించడం, గీసేవాళ్లకు రక్షణ కవచాలివ్వడం మొదలుపెట్టారు, సాగించండి. చెట్టు ఎదగడానికి ఏండ్లు కావాలి, అందాకా మనుషులు బతకాలి.

అవ్వకు ఇప్పుడు అరవై దాటాయి. బీడీల చాట దించేసింది. నెలకు 2,016 రూపాయల జీవన భృతి వస్తుంది. రాత్రి కొంచెంసేపే నిద్రపోతుంది, తెల్లవారుజామునే లేచి వాకిలి ఊడుస్తుంది. ముడులు వేసిన ఆ దారాలను పారేయకుండా తంబాకు డబ్బాలో దాచుకుంది. ఈ మధ్య పక్కింటి కోడలు చేతులు వణుకుతున్నాయని వస్తే, అవ్వ ఆ డబ్బా తెరిచి మూడు ముడులది, రెండు ముడులది, ఒక్క ముడిది వరుసగా నేల మీద పరిచి చూపించింది. ఆ అమ్మాయి అడిగింది: "మరి గోలీలు ఎవరిస్తరత్తా?"

అవ్వ నా దిక్కు చూసింది. ఆ డాక్టర్ బదిలీపై వెళ్లిపోయాడు. మా మండలంలో ఇప్పుడు అంతకు ముందున్న తాళమే ఉంది. మీ కొత్త దాడుల తేదీలు ఖరారు కాకముందే ఆ అమ్మాయి ప్రశ్నకు మీరు జవాబు పంపాలి.

ఇట్లు,
ఒక బీడీ కార్మికురాలి బిడ్డ